ప్రభువు తర్వాతి చోటు

పదిహేడేళ్ళ వయసులో నేను క్రీస్తుకు ఒక మాట ఇచ్చాను. మా గుంటూరు జిల్లాలో వేసవి సెలవుల్లో యవ్వనస్తుల కూటం పెట్టారు. మూడో రోజు పొద్దున, వేపచెట్ల కింద పరిచిన చాప మీద మోకరించి, "ప్రభువా, నాకు పెండ్లికుమారుడివి నువ్వే. ఇంకెవరూ వద్దు" అని ప్రార్థించాను. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఒళ్ళంతా తేలికైపోయి, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తెల్లచీర కట్టుకుని ఊరూరా తిరుగుతూ వాక్యం చెప్పే ఒక పెద్దావిడ మా ఊరికి వస్తూండేది. నేనూ అలాగే బతుకుతాననుకున్నాను.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు అసలే చెప్పలేదు. నాకు పదేళ్ళప్పుడు నాన్న పోతే, మిషను ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి నన్ను ఇంటర్ దాకా చదివించింది అమ్మ. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి ఆమెకు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. "నేను నిలబడగలిగినప్పుడే నీ పెళ్ళి చూడాలే" అని రోజూ అనేది. అంతకుముందు మా ఊళ్ళో పనిచేసి హైదరాబాదుకు వెళ్ళిపోయిన పాస్టరుగారు ఒక సంబంధం తెచ్చారు. మేమంతా ఆయన్ని అయ్యగారు అనేవాళ్ళం.

"కుర్రాడిది మెదక్ జిల్లా. కరెంటు పని చేస్తాడు. మాట తక్కువ, మనిషి మంచివాడు" అన్నారు అయ్యగారు.

అమ్మ ముఖంలో వెలుగు చూశాక కాదనడానికి నాకు నోరు రాలేదు.

పెళ్ళి హైదరాబాదు బోరబండలో, అయ్యగారి చిన్న గుడిలోనే జరిగింది. రేకుల కప్పు, నాలుగు ఫ్యాన్లు, ఒక హార్మోనియం. అయ్యగారు ఆ రోజు భార్యాభర్తల గురించి చెబుతూ, క్రీస్తుకూ సంఘానికీ మధ్య ఉన్న బంధం ఎలాంటిదో లోకానికి చూపించడానికే దేవుడు పెళ్ళిని ఏర్పాటు చేశాడన్నారు. క్రీస్తు తనను తాను ఇచ్చుకున్నట్టు భర్త ఇచ్చుకోవాలన్నారు. అందరూ శ్రద్ధగా విన్నారు. నేను మాత్రం సగమే విన్నాను. తలమీద ముసుగు కింద కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీకిచ్చిన మాట తప్పుతున్నాను, క్షమించు" అని లోలోపల గొణుక్కుంటూ ఉన్నాను. జబ్బులోనూ ఆరోగ్యంలోనూ ఒకరినొకరు విడవమని ప్రమాణం చేయించినప్పుడు నా గొంతు నాకే వినపడలేదు. మా ఆయన గొంతు మాత్రం స్పష్టంగా వినపడింది. పాఠం అప్పజెప్పే పిల్లాడిలా ఒక్కో మాటా ఆగి ఆగి పలికారు.

బోరబండలోనే ఒక గదీ వంటిల్లూ కిరాయికి తీసుకున్నాం. ముందు భాగంలో ఇంటి యజమానురాలు ఉండేది. అరవై దాటిన మనిషి, అక్కడే పుట్టి పెరిగింది, భర్త పోయాడు. పొద్దునే వాకిట్లో ముగ్గేసి, తులసికోటకు దండం పెట్టుకుని, ఆ తర్వాతే ఎవరితోనైనా మాట్లాడేది. మా ఆయన ఆమెను పెద్దమ్మా అనేవారు. నాకూ అదే అలవాటైంది.

మాదాపూర్ దాటాక రాళ్ళగుట్టల మధ్య కంప్యూటరు కంపెనీల కోసం ఒక పెద్ద గుండ్రటి భవనం లేస్తున్న రోజులవి. మా ఆయన అందులో వైరింగ్ పని చేసే మేస్త్రీ దగ్గర ఉండేవారు. పొద్దున ఏడింటికి టిఫిన్ డబ్బా సైకిలుకు తగిలించుకుని వెళితే, తిరిగి వచ్చేటప్పటికి జుట్టంతా ఎర్రమట్టి. ఆ గుట్టల్లో అప్పటికింకా సీతాఫలం చెట్లుండేవి. ఒకరోజు రుమాల్లో మూటగట్టి ఆరు కాయలు తెచ్చి నా ముందు పెట్టారు. ఆ రోజు శుక్రవారం, నాకు ఉపవాసం. మర్నాడూ ఏదో ప్రార్థన కోసం ఉపవాసం పొడిగించుకున్నాను. కాయలు మెత్తబడి, నల్లబడి, చీమలు పట్టాయి. మా ఆయన వాటిని తీసి బయట పారేశారు.

నా పద్ధతి అలా ఉండేది. తెల్లవారుజామునే లేచి వంటింట్లో గంటసేపు మోకరించేదాన్ని. నా మొదటి భర్త క్రీస్తు, ఈయన లోకం కోసం, అమ్మ కోసం అనుకునేదాన్ని. బయటకు ఎప్పుడూ అనలేదు కానీ, అలా అనుకుంటున్న మనిషి నడకలో, చూపులో అది కనపడకుండా ఉంటుందా? కుటుంబ ప్రార్థనలో "మీరు చెయ్యండి" అంటే మా ఆయన తల అడ్డంగా ఊపేవారు.

"నువ్వే చెయ్యి. నేను ఆమెన్ అంట."

ఆయన ఏడో తరగతితో చదువు ఆపేశారు. వాళ్ళ నాన్న కాలంలోనే వాళ్ళింట్లో ప్రభువును తెలుసుకున్నారు. పెద్ద పెద్ద మాటలతో ప్రార్థన చెయ్యడం ఆయనకు చేతకాదు. ఆమెన్ అనడం తప్ప ఏమీ రాని మనిషిని ఇచ్చావేం ప్రభువా అని లోపల చిన్నచూపు చూసేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పెళ్ళయిన ఏడాదికి, చలికాలంలో, దగ్గు పట్టుకుంది. మొదట దుమ్ము వల్ల అనుకున్నాం. మిరియాల కషాయం తాగాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ దగ్గితే, నీళ్ళలో ఎర్రటి జీర కనపడింది. ఎవరూ చూడకముందే నీళ్ళు పోసి కడిగేద్దామనుకున్నాను. వెనక మా ఆయన నిలబడి ఉన్నారు.

ఆ రోజు ఆయన పనికి వెళ్ళలేదు. ఆటో మాట్లాడి నన్ను ఛాతీ దవాఖానకు తీసుకుపోయారు. ఎక్స్‌రే తీశారు. మూడు రోజులు తెమడ పరీక్షకు ఇచ్చాను. టీబీ అన్నారు.

డాక్టరు నడివయసు మనిషి, చాలా ఓపికగా చెప్పాడు. రోజు విడిచి రోజు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి నర్సు ఎదురుగానే మాత్రలు మింగాలి. ఆరు నెలలు. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, తర్వాత ఈ మందులకు లొంగదు. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. గదిలోకి గాలీ వెలుతురూ రావాలి. మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు, భయపడొద్దు. మా ఆయన అన్నీ విని చివర్లో ఒక్కటే అడిగారు.

"ఒక్క కంచంల తింటే వస్తదా సార్?"

"కంచంతో రాదు. దగ్గితే గాలిలో వస్తుంది. మీరూ పరీక్ష చేయించుకోండి."

ఆయన చేయించుకున్నారు. ఏమీ లేదన్నారు.

ఇంటికొచ్చి నేను నా కంచానికీ గ్లాసుకూ గుర్తుగా ఎర్రదారం చుట్టి, విడిగా గూట్లో పెట్టుకున్నాను. ఆయన స్నానం చేసి వచ్చి చూశారు. దారం విప్పేసి, రెండూ మిగతా గిన్నెల్లో కలిపేశారు.

"ఏమండీ, ఎందుకండీ, నా వల్ల మీకు..."

"డాక్టరు ఏం చెప్పిండు? కంచం తోని రాదన్నడు గద. విన్నవా లేదా?"

అంతే. పొయ్యి దగ్గర కూర్చుని అన్నం వార్చడం మొదలుపెట్టారు.

మర్నాడు పెద్దమ్మకు సంగతి తెలిసింది. ఆమె మా గుమ్మానికి నాలుగడుగుల దూరంలో, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"బిడ్డా, నా మాట తప్పుగ అనుకోకుండ్రి. ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి. నా పెనిమిటి గిదే రోగంతోని పోయిండు. మల్ల నా ఇంట్ల గా దగ్గు ఇననీకి నాతోని కాదు."

నేను లోపల చాప మీద పడుకుని వింటున్నాను. ఆమెను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. మా ఆయన బతిమాలలేదు, కోపగించుకోలేదు.

"పెద్దమ్మా, ఎల్లుండి మేం దవాఖానకు పోతున్నం. జర నువ్వు గూడ మాతోని రా. డాక్టరును నువ్వే అడుగు. ఆయన ఖాళీ చెయ్యాలె అంటే గా దినమే పోతం."

ఆమె వస్తుందని నేననుకోలేదు. కానీ ఆ రోజు పొద్దునే ముగ్గు వేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఆటోలో ఒక చివరన ముడుచుకుని కూర్చుంది. డాక్టరును ఎన్ని ప్రశ్నలు అడిగిందో. చివరకు, "మా ఆయనప్పుడు గీ గోలీలు లేకుండెనా సారూ?" అని అడిగింది. "ఉన్నాయమ్మా, కానీ చాలామంది కాస్త బాగవగానే మానేసేవాళ్ళు" అన్నాడు డాక్టరు. ఆమె కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చుంది. "అవును. మూడు నెలలకే ఇడిసిపెట్టిండు. నేను గూడ మంచిగైనవు తియ్యి అన్న" అంది.

ఇంటికి వచ్చాక మా గదికి వెనకవైపున్న కిటికీకి ఎప్పుడో కొట్టిన రేకును, సుత్తి తెప్పించి, దగ్గరుండి ఊడదీయించింది. గదిలోకి వెలుతురు పడింది. ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. రెండో వారం నుంచి రోజుకొక కోడిగుడ్డు గుమ్మంలో పెట్టి, "తీస్కో బిడ్డా" అని కేకేసి వెళ్ళేది.

ఆ మొదటి రెండు నెలలూ నా జీవితంలో నేనెప్పుడూ అనుభవించని నీరసం. మాత్రలు మింగిన రోజు కడుపులో తిప్పేది. మోకరిద్దామంటే కాళ్ళు వణికేవి. పాట ఎత్తుకుంటే దగ్గు. కళ్ళు మూసుకుంటే ఒక్క మాటా రాదు. నాకూ క్రీస్తుకూ మధ్య ఉన్న బంధమంతా నా ప్రార్థనల మీద, నా ఉపవాసాల మీద, నా కన్నీళ్ళ మీద నిలిచి ఉందనుకున్నదాన్ని. అవన్నీ పోయాక ఆ బంధం కూడా పోయిందనే అనుకున్నాను. ఎంత ఎండిపోయానో ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

భవనం ప్రారంభోత్సవం దగ్గరపడుతోందని అక్కడ అందరూ పొద్దుపోయేదాకా పనిచేస్తున్నారు. మా ఆయన మాత్రం ఐదు కాగానే సైకిలెక్కేవారు. మేస్త్రీ విసుక్కున్నాడట. నాకు ఆయన చెప్పలేదు, ఆదివారం గుడిలో ఆయనతో పనిచేసే మనిషి చెప్పాడు. ఇంటికి రాగానే నేను ఉమ్మే డబ్బాలో ఫినాయిలు పోసి, వెనక గొయ్యి తీసి పూడ్చి, డబ్బాను కాగిన నీళ్ళతో కడిగేవారు. ఆ డబ్బా ముట్టుకోవద్దని మొదటిరోజు నేను ఏడ్చాను.

"నేను కడుక్కుంటానండీ. మీరు ముట్టుకోకండి. నాకు సిగ్గుగా ఉంది."

"జరమొస్తే సిగ్గెందుకు? కూసో."

రోజూ నేను పడుకున్నాక చాప పక్కన కూర్చుని, నా నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకునేవారు. పెదవులు కదిలేవి కావు. మొదట్లో జ్వరం చూస్తున్నారేమో అనుకున్నాను. ఒక సాయంత్రం అడిగాను.

"ఏం చేస్తున్నారు?"

"నీ దిక్కునుంచి చేస్తున్న."

"ఏంటి?"

"ప్రార్థన. నీతోని అయితలేదు గద. నువ్వు మంచిగయ్యేదాంక నేను చేస్త."

ఆ మాట విని ముఖం గోడవైపు తిప్పుకున్నాను. నేను చెయ్యలేని ప్రార్థనను నా బదులు ఇంకొకరు చేస్తున్నారని, ఆ లెక్కన నేను క్రీస్తు చేతిలోంచి జారిపోలేదని, అప్పుడే మొదటిసారి తోచింది. అయినా ఒక్కరోజులో మనిషి మారిపోదు. నేనూ మారలేదు.

రెండో నెల చివరికి దగ్గు దాదాపు పోయింది. ఆకలి పుట్టింది. తెమడ పరీక్షలో క్రిములు లేవన్నారు, కానీ ఇంకా నాలుగు నెలలు మాత్రలు వాడాల్సిందేనన్నారు. ఆ వారమే మా గుడికి వచ్చే ఒక అక్క నన్ను మూసాపేటలో డేరా వేసి జరుపుతున్న స్వస్థత కూటానికి తీసుకెళ్ళింది. అక్కడ మాట్లాడిన బోధకుడి గొంతు గంభీరంగా ఉంది. క్రీస్తుతో ఏకమైన మనిషికి మందులెందుకని అడిగాడు. మాత్ర మింగుతున్నావంటే పెండ్లికుమారుణ్ణి నమ్మలేదన్నమాట అన్నాడు.

పెండ్లికుమారుడన్న మాట వినగానే నాకు ఆ వేపచెట్ల కింది పొద్దుటి పూట గుర్తొచ్చింది. ఆ సంతోషం మళ్ళీ కావాలనిపించింది. మాట తప్పినందుకే ఈ జబ్బు వచ్చిందని, ఇప్పుడు మాత్రలు మానేస్తే మళ్ళీ ఆయనకు పూర్తిగా చెందుతానని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

మర్నాడు మాత్రల రోజు. మా ఆయన సైకిలు బయటకు తీసి నిలబడ్డారు.

"నేను రానండీ. ఇక మాత్రలు వేసుకోను" అన్నాను.

"ఎందుకు?"

"ప్రభువు నన్ను బాగుచేశాడు. నమ్మకం లేకపోతేనే మందులు."

ఆయన సైకిలు గోడకు ఆనించారు. పెద్దమ్మ తన వాకిట్లోంచి అంతా వింటోంది. ఆయన రెండు మూడుసార్లు ఏదో చెప్పబోయి ఆగిపోయారు. మాటలతో ఆయన నన్నెప్పుడూ గెలవలేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చివరికి, "నువ్వు ఇంట్లనే ఉండు" అని చెప్పి, సైకిలెక్కి వెళ్ళిపోయారు. అరగంటలో అయ్యగారిని వెనక కూర్చోబెట్టుకుని వచ్చారు.

అయ్యగారు చాప మీద కూర్చుని నేను చెప్పిందంతా విన్నారు. తిట్టలేదు.

"అమ్మా, క్రీస్తుతో ఏకమవడం అంటే నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగారు.

"ఆయన తప్ప ఇంకేమీ అక్కర్లేకపోవడం అండి."

"మరి ఆయన నీకు ఇచ్చినవాటిని ఏం చేస్తావు? ఈ మనిషిని ఆయనే ఇచ్చాడు. ఆ మందులు కనిపెట్టిన బుద్ధిని ఆయనే ఇచ్చాడు. అన్నీ తిరిగి ఆయన మొహాన కొట్టి, నువ్వొక్కడివే చాలంటే ఆయన సంతోషిస్తాడా?"

నేను వాకిట్లోని సైకిలు వైపు చూశాను.

"నువ్వు ఆయన్ని గట్టిగా పట్టుకుంటేనే ఆ బంధం ఉంటుందనుకుంటున్నావు. పెళ్ళిలో నువ్వు చెప్పిన ప్రమాణం నాకు సరిగా వినపడలేదు తల్లీ. అయినా నీ పెళ్ళి చెల్లింది. పట్టుకున్నది అవతలి మనిషి కూడా కదా. క్రీస్తు సంగతీ అంతే. ఆయన పట్టుకున్నాడు. నీ చెయ్యి వణికినా ఆయన చెయ్యి వణకదు."

ఆ తర్వాత మా ఇద్దరినీ వదిలేసి, పెద్దమ్మ ఇచ్చిన టీ తాగడానికి ఆయన వాకిట్లోకి వెళ్ళిపోయారు.

గదిలో మేమిద్దరమే మిగిలాం. ఎన్నాళ్ళుగానో దాచుకున్నది అప్పుడు బయటపడింది. పదిహేడేళ్ళప్పుడు నేనిచ్చిన మాట, పెళ్ళిలో ముసుగు కింద చెప్పుకున్న క్షమాపణ, అన్నీ చెప్పేశాను. "నా మనసులో మిమ్మల్ని ఎప్పుడూ రెండో చోటే ఉంచానండి. మీకు అన్యాయం చేశాను" అన్నాను. ఆయన బాధపడతారని, లేచి వెళ్ళిపోతారని అనుకున్నాను.

ఆయన ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నారు.

"నాకు ఎరుకే" అన్నారు.

"ఎలా తెలుసు?"

"ఒక్క ఇంట్ల ఉంటే ఎరుక కాదా? అయినా అందుల తప్పేమున్నది? నేను గూడ నిన్ను ప్రభువు తర్వాతనే పెట్టుకున్న. మా నాయిన గట్లనే నేర్పిండు. ఆయన తర్వాత నిలబడుడు నాకేం చిన్నతనం గాదు. మనమిద్దరం ఒక్కని చేతులనే ఉన్నం. గా చెయ్యే నీ చెయ్యి నాకు పట్టిచ్చింది. నేను ఇడిసిపెడితే ఆయనకేం జవాబు చెప్పాలె?"

ఆయన అంత పొడుగ్గా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. ఆయన ముఖం ఎర్రబడింది. చేతులతో ఏం చెయ్యాలో తెలియక చాప అంచు పీకుతున్నారు. నేనిచ్చిన మాట తప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది. క్రీస్తుకు చెందడానికి ఈ మనిషి అడ్డు అనుకున్నాను. నన్ను క్రీస్తు ఎలా ప్రేమిస్తున్నాడో రోజూ నా కళ్ళముందు పెట్టింది ఈ మనిషే. ఉమ్మిన డబ్బా కడిగిన చేతుల్లో, దారం విప్పేసిన కంచంలో, పలకని ప్రార్థనలో నాకు అది కనపడాల్సింది. నేను వేరేచోట వెతుకుతూ ఉన్నాను.

"పదండి, వెళ్దాం. నర్సు వెళ్ళిపోతుంది" అన్నాను.

వాకిట్లో పెద్దమ్మ దారికి అడ్డంగా నిలబడింది. అప్పటికి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం మానేసింది. "బిడ్డా, మీ దేవుని ముచ్చట నాకెరుక లేదు. గోలీలు మాత్రం ఇడవకు. నేనొకసారి మంచిగైనవు తియ్యి అన్న, అంటే ఏమైందో చూసిన" అంది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఆ రోజు నన్ను ఆరోగ్య కేంద్రానికి పంపింది ఒక్క అయ్యగారి మాటే కాదు, మా ఆయన మాటే కాదు, ఆమె మాట కూడా.

ఆరు నెలలూ పూర్తిచేశాను. ఒక్క రోజు కూడా మానలేదు. చివరి పరీక్ష కాగితం చూసి డాక్టరు, "మీ పని అయిపోయిందమ్మా" అన్నాడు. అమ్మ ఊరినుంచి వచ్చింది. అయ్యగారు మా ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టారు. పెద్దమ్మ లోపలికి రాకుండా గుమ్మంలో కూర్చుని పాటలన్నీ విన్నది. ప్రార్థన అయ్యాక మా ఆయన్ని చూపిస్తూ అమ్మతో, "ఆడిదాన్ని మొగోడు గిట్ల చూసుకునుడు నేనెన్నడు చూడలే వదినె. మీ దేవుడు గిట్ల చెయ్యమన్నడా?" అని అడిగింది. "చెయ్యమన్నాడండి. ముందు ఆయనే చేశాడు" అంది అమ్మ. ఆ జవాబు నాకిప్పటికీ చాలా ఇష్టం. మా అమ్మ వేదాంతం చదువుకున్న మనిషి కాదు.

ఆ భవనం అప్పటికే ప్రారంభమైంది. పెద్ద పెద్దవాళ్ళంతా వచ్చి వెళ్ళారని, టీవీలో చూపించారని మా ఆయన తోటివాళ్ళు చెప్పారు. అందులో పని చేసినవాళ్ళకు ఆ పూట సెలవు. ఒక ఆదివారం గుడి అయ్యాక మా ఆయన నన్ను సైకిలు మీద అక్కడికి తీసుకెళ్ళారు. గుట్టలు తవ్వి వేసిన కొత్త రోడ్డు, రెండు పక్కలా ఇంకా రాళ్ళే. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఆపాడు.

"ఎవర్ని కలవాలె?"

"ఎవర్నీ గాదు అన్నా. జర చూసి పోతం."

లోపలికి పంపలేదు. మేం రోడ్డుకు అవతల ఒక బండరాయి మీద కూర్చుని పల్లీలు తిన్నాం. ఆయన నాలుగో అంతస్తు చూపించి, అక్కడ తను వేసిన లైన్లు ఎటునుంచి ఎటు వెళతాయో చేత్తో గీసి చెప్పారు. ఐదింటికే వచ్చేసినందువల్ల ఐదో అంతస్తు పని వేరేవాళ్ళకు పోయిందని కూడా అప్పుడే చెప్పారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నేను ఆయన భుజానికి ఆనుకుని కూర్చున్నాను. పెళ్ళయ్యాక పగటిపూట, నలుగురూ తిరిగే చోట, అలా కూర్చోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాతి ఏడాది ఆరోగ్య కేంద్రం నర్సు మా ఇంటికి వచ్చింది. చుట్టుపక్కల రోగులు అంతదూరం రాలేకపోతున్నారట. మాత్రల పెట్టెలు నా దగ్గర పెడతానని, వాళ్ళు నా ముందు మింగి వెళితే చాలని, కార్డులో టిక్కు పెట్టమని అడిగింది. పెద్దమ్మ ఒప్పుకుంటుందో లేదో అని సందేహిస్తుంటే ఆమే బయట అరుగు మీద చాప పరిచింది. అలా మా ఇంటికి ఒక ఆటో నడిపే ఆయన, ఒక తాపీ పని మనిషి, ఇంకొకరు, ఇంకొకరు రావడం మొదలైంది.

ఒకసారి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. జబ్బు ఆ పిల్లకు. భర్త మాదాపూర్‌లో హౌస్‌కీపింగ్ పని. అతను రోడ్డు మీదే నిలబడి, ఆమెనొక్కదాన్నే లోపలికి పంపాడు. ఆ పిల్ల మాత్రలు చేతిలో పట్టుకుని మింగకుండా కూర్చుంది.

"ఆయన మాట్లాడుతలేడు అక్కా. మా అమ్మోళ్ళింటికి పొమ్మంటుండు."

నేను ఆమెకేమీ బోధించలేదు. మంచినీళ్ళిచ్చి, మాత్రలు మింగించి, కార్డు మీద టిక్కు పెట్టాను. తర్వాత మా ఆయన్ని పిలిచి చెప్పాను. ఆయన రోడ్డు మీదికి వెళ్ళి ఆ కుర్రాడి పక్కన నిలబడ్డారు. చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకున్నట్టే కనపడలేదు. ఒకసారి మాత్రం మా ఆయన చేతులతో ఏదో కడిగినట్టు చూపించారు. ఆ కుర్రాడు తల దించుకున్నాడు.

రెండు రోజుల తర్వాత ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి అతను అరుగు దాకా వచ్చి, కాస్త ఎడంగా కూర్చున్నాడు. వాళ్ళిద్దరికీ పెద్దమ్మ చాయ్ ఇచ్చింది. నేను లోపలికి వెళ్ళి, వంటింట్లో నిలబడే, ప్రభువుకు వందనాలు చెప్పుకున్నాను. వాళ్ళ కోసమూ, మా కోసమూ.